గేమింగ్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ కాగిపోతోందా? స్టాండ్, క్లీనింగ్, పేస్ట్, టర్బో ఆపడం: ఎవరికి ఏది

ల్యాప్‌టాప్ వేడెక్కుతోందని చెప్పి చూడండి, నలుగురు నాలుగు సలహాలు ఇస్తారు. కూలింగ్ ప్యాడ్ (ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల పీట) కొనమని ఒకరు, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే లోహానికీ మధ్య పూసేది) మార్పించమని ఒకరు, టర్బో (అవసరమైనప్పుడు ప్రాసెసర్ తాత్కాలికంగా వేగం పెంచుకోవడం) ఆపేయమని ఇంకొకరు, అసలు గేమింగ్ ల్యాప్‌టాప్ కొనడమే తప్పని మరొకరు. చివరాయన్ని పక్కన పెడితే మిగతా ముగ్గురు చెప్పేదీ నిజమే, కాకపోతే అందరికీ పనికొచ్చేది కాదు. లోపల దుమ్ము పట్టేసిన మెషీన్‌కు కూలింగ్ ప్యాడ్ కొనడమంటే మూసిన కిటికీ ముందు టేబుల్ ఫ్యాన్ పెట్టుకోవడమే. ఆరు నెలల కిందట కొన్న ల్యాప్‌టాప్‌కు బయట పేస్ట్ మార్పిస్తే వారంటీ గొడవ మీద పడుతుంది తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

నేను చూసినంతలో చాలామంది తిరగేసిన వరుసలో వెళ్తారు. డబ్బు ఖర్చయ్యేది ముందు చేస్తారు, ఒక సెట్టింగ్ మార్చి తేల్చుకోగలిగేది చివరికి వదిలేస్తారు. అందుకే ఇక్కడ ముందు లోపం ఎక్కడుందో పట్టుకుందాం, తర్వాత దారుల సంగతి చూద్దాం.

## 95 డిగ్రీలు కనబడితే కంగారు పడాలా?

అక్కర్లేదు. ఇంటెల్ హెచ్ సిరీస్ ప్రాసెసర్లలో చాలావాటికి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు. ఏఎండీలో మోడల్‌ను బట్టి మారుతుంది: రైజెన్ 7 5800హెచ్‌కు 105, రైజెన్ 7 6800హెచ్‌కు 95. ఆ గీత దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి తగ్గకపోతే మెషీన్ ఆగిపోతుంది. చిప్ కాలిపోతుందన్న భయం అక్కర్లేదు.

కోర్ ఐ7 12700హెచ్‌నే తీసుకోండి. దాని బేస్ పవర్ 45 వాట్లు, టర్బోలో 115 వాట్ల దాకా లాగుతుంది. రెండు సెంటీమీటర్ల మందం ఉన్న డబ్బాలో, పక్కనే గ్రాఫిక్స్ చిప్ కూడా మండుతుంటే, 115 వాట్లను ఎంతోసేపు చల్లబరచడం ఏ హీట్‌సింక్ (చిప్ వేడిని లాగి బయటికి పంపే లోహపు భాగం) వల్లా కాదు. ఆట మొదలవగానే 95 కనబడటం ఇలాంటి ల్యాప్‌టాప్‌లకు మామూలే.

కాబట్టి డిగ్రీల కంటే ముందు వేగం చూడండి. మొదటి ఐదు నిమిషాల్లో 4 గిగాహెర్ట్జ్ దగ్గర నడిచిన ప్రాసెసర్ అరగంటకు 2.5కి జారిపోయి, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఆట చూపించే ఫ్రేముల లెక్క) ఉన్నట్టుండి కుప్పకూలుతుంటే అది రోగం. 92 డిగ్రీల దగ్గర నిలకడగా, వేగం తగ్గకుండా నడుస్తుంటే మెషీన్‌కేం కాలేదు. కీబోర్డు చేతికి చురుక్కుమంటోందనో, ఫ్యాన్ల హోరుకు ఇంట్లోవాళ్లు తిడుతున్నారనో అయితే అది వేరే బాధ, దానికి మందు కూడా వేరే.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగా మూసుకోకపోయినా, కింది భాగం బల్లమీద ఆనకుండా ఊగినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించండి. అప్పుడు ఛార్జింగ్ తీసేసి వాడకం ఆపాలి. పేస్ట్, ప్యాడ్ లాంటివన్నీ ఆ తర్వాత.

## ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు వేడి ఎక్కడ ఇరుక్కుంటోందో తెలియాలి. పుట్టేదే ఎక్కువా? చిప్ నుంచి హీట్‌సింక్‌కు అందట్లేదా? హీట్‌సింక్ నుంచి బయటికి పోవట్లేదా? కింద చెప్పే దారుల్లో ఒక్కోటి ఈ మూడింట్లో ఒక్కదాన్నే బాగుచేస్తుంది.

తర్వాత వారంటీ ఉందో లేదో. ఆ తర్వాత మీరు ఆడేదేమిటి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి ప్రాసెసర్ మీద ఎక్కువగా ఆధారపడతాయి. భారీ గ్రాఫిక్స్ ఉన్న కథా ఆటల్లో భారం ఎక్కువగా గ్రాఫిక్స్ చిప్ మీద పడుతుంది, ప్రాసెసర్ వేగం కొంత తగ్గించినా మీకు తెలియదు. వీడియో రెండరింగ్ చేసేవాళ్ల లెక్క ఇంకోటి.

మనవైపు గది వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలా ల్యాప్‌టాప్‌ల మాన్యువల్లో వాడదగ్గ గది వేడి 35 డిగ్రీల వరకే అని రాసి ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో పై అంతస్తులో, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం రెండింటికి ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది. గది ఒక డిగ్రీ పెరిగితే, ఫ్యాన్లు అప్పటికే పూర్తి వేగంలో ఉంటే, ప్రాసెసర్ కూడా సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. జనవరిలో 82 దగ్గర ఆడిన ఆట మేలో 97 చూపిస్తే పేస్ట్ ఎండిపోయిందని తేల్చేయకండి. ఒకసారి రాత్రి పదింటికి అదే ఆట ఆడి చూడండి. ఎయిర్ కూలర్ ఉంటే గది చల్లబడటానికి వాడండి కానీ తడిగాలి నేరుగా ల్యాప్‌టాప్ మీదికి కొట్టేలా పెట్టొద్దు.

## ఖర్చు లేని పరీక్ష

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని సెన్సర్లు మాత్రమే చూపించే ఎంపిక పెట్టండి. ముందు ఏమీ తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. అప్పుడే 65, 70 కనబడుతుంటే టాస్క్ మేనేజర్ తెరవండి. యాంటీవైరస్ స్కానో, కదిలే వాల్‌పేపరో, ముప్ఫై ట్యాబ్‌ల బ్రౌజరో వెనకాల పనిచేస్తూ దొరకొచ్చు. దాన్ని ఆపితే మీ సమస్య సగం అక్కడే తీరుతుంది.

ఇప్పుడు మీ ఆట అరగంట ఆడి, ఈ నాలుగు గమనించండి.

- ఆట మొదలైన ఒకటి రెండు సెకన్లలోనే 55 నుంచి 97కి ఎగిరి, వాట్లు మాత్రం 35, 40 దగ్గరే ఉంటే చిప్ నుంచి హీట్‌సింక్‌కు వేడి అందట్లేదు. అనుమానం పేస్ట్ మీద.
- కోర్‌కీ కోర్‌కీ మధ్య ఎప్పుడు చూసినా 15 డిగ్రీలకు పైగా తేడా ఉంటే పేస్ట్ ఒకవైపు తేలిపోయి ఉండాలి, లేదా హీట్‌సింక్ వంకరగా కూర్చుని ఉండాలి.
- వేడి మెల్లగా, పది పదిహేను నిమిషాల్లో ఎక్కుతుంటే గాలి బయటికి పోయే దారి చూడాలి. దుమ్ము, గది వేడి, పరుపు మీద పెట్టి ఆడటం.
- ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్నా వాట్లు 70, 80 లాగుతుంటే మీ హీట్‌సింక్ తన పని తాను బాగానే చేస్తోంది. ప్రాసెసర్ ఆకలే ఎక్కువ. సెట్టింగ్‌తో తగ్గించండి.

చేత్తో చూసే చిట్కా ఒకటుంది. స్క్రీన్ మీద 97 ఉన్నప్పుడు గాలి బయటికొచ్చే చోట అరచెయ్యి పెట్టండి. గాలి జోరుగా వస్తూ గోరువెచ్చగానే ఉంటే వేడి ఫిన్ల (గాలి బయటికొచ్చే చోట ఉండే హీట్‌సింక్ పల్చటి రేకులు) దాకా రావట్లేదు. గాలి సెగలా ఉండి, జోరు మాత్రం లేకపోతే ఫిన్లు మూసుకుపోయాయి. ఈ రెంటినీ వేరు చేసుకోకుండా చాలామంది దుకాణానికి పరుగెత్తుతారు.

## దారి 1: వెనక భాగం ఎత్తు పెట్టడం

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గాలి లాక్కునే రంధ్రాలు ఎక్కువగా అడుగునే ఉంటాయి, ఎత్తు పెడితే వాటికి ఊపిరాడుతుంది. మామూలు స్టాండ్ కొన్ని వందల్లో వస్తుంది. రెండు సీసా మూతలు వెనక కాళ్ల కింద పెట్టినా అదే పని. రెండు నుంచి ఐదు డిగ్రీలు తగ్గితే గొప్ప. ముందు ఇది చేసి, మిగతావాటి గురించి తర్వాత ఆలోచించండి. పరుపు మీద, దిండు మీద పెట్టి ఆడేవాళ్లకు మాత్రం ఈ ఒక్కటే సగం వైద్యం.

## దారి 2: ఎఫ్‌పీఎస్‌కు పగ్గం వేయడం

144 హెర్ట్జ్ స్క్రీన్ (సెకనుకు 144 ఫ్రేములు చూపించగలిగేది) మీద ఆట 220 ఎఫ్‌పీఎస్‌తో నడుస్తుంటే ఆ అదనపు ఫ్రేముల్లో చాలావాటిని మీరు చూడనే చూడరు. వాటిని తయారుచేయడానికి ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ చెమటోడుస్తాయి. చాలా గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండు చిప్‌లకూ కలిపే హీట్‌పైపులు (వేడిని మోసే రాగి గొట్టాలు) ఉంటాయి కాబట్టి ఒకటి చల్లబడితే రెండోదానికీ మేలు.

ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ అనే వరుస 2020 జనవరి డ్రైవర్‌తో వచ్చింది. అందులో 140 పెట్టండి. కథా ఆటలకైతే 60 లేదా 75 చాలు. పోటీగా షూటింగ్ ఆటలు ఆడేవాళ్లు దీనికి ఒప్పుకోరు, వాళ్లదీ తప్పు కాదు. స్క్రీన్ చూపించగలిగినదానికంటే ఎఫ్‌పీఎస్ ఎక్కువున్నప్పుడు మౌస్ నొక్కినదానికి స్పందన కాస్త త్వరగా వస్తుంది. అలాంటివాళ్లు 200 దగ్గర ఆపుకుని రాజీ పడొచ్చు. కానీ వేడి వల్ల ఎఫ్‌పీఎస్ 220 నుంచి 90కి పడి లేస్తుండటం కంటే, కదలకుండా 140 ఉండటమే గురికి మంచిది.

## దారి 3: టర్బో ఆపడం, లేదా వాట్లు తగ్గించడం

ఎక్కువగా వినబడే సలహా ఇదే, ఎక్కువమంది సగం చేసి వదిలేసేదీ ఇదే. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ కింద గరిష్ఠ స్థితిని 100 శాతం నుంచి 99కి మారిస్తే టర్బో ఆగిపోతుంది. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ వరుస దాచి ఉంటుంది, రిజిస్ట్రీలో మార్పు చేస్తే బయటికొస్తుంది. చాలా మెషీన్లలో 15 డిగ్రీలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తగ్గుతుంది. ఫ్యాన్ల మోత కూడా దిగుతుంది.

కాకపోతే ఈ సలహా ఇచ్చేవాళ్లు మీ ప్రాసెసర్ ఏదో అడగరు. అడగాలి. టర్బో ఆగితే ప్రాసెసర్ దాదాపు బేస్ వేగానికి, అంటే టర్బో లేని మామూలు వేగానికి దిగుతుంది. రైజెన్ 5 5600హెచ్‌కు బేస్ 3.3 గిగాహెర్ట్జ్, టర్బో 4.2. తగ్గినా చాలా ఆటలకు సరిపోతుంది, తేడా పెద్దగా తెలియదు. అదే కోర్ ఐ7 12700హెచ్ పెద్ద కోర్లకు బేస్ 2.3, టర్బో 4.7. అంటే సగం కంటే కిందికి దిగుతుంది. అలాంటి మెషీన్‌లో వాలరెంట్ ఆడేవాళ్లకు ఎఫ్‌పీఎస్ బాగా తగ్గి, మొదటికే మోసం వస్తుంది.

అందుకే ఇంటెల్ 12వ తరం, ఆ పైన ఉన్నవాళ్లకు నేను టర్బో ఆపమని చెప్పను, వాట్లు తగ్గించమంటాను. ప్రాసెసర్ లాక్కునే కరెంటు, వేగంతో పాటు వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి పెరుగుతుంది. అదే వేగంలో వోల్టేజి 10 శాతం తగ్గితే ఖర్చు 19 శాతం తగ్గుతుందన్నమాట. టర్బోలో చివరి కొన్ని వందల మెగాహెర్ట్జ్ కోసమే వోల్టేజి ఎక్కువగా పెంచాల్సి వస్తుంది. ఆ చివరి మెట్టు వదులుకుంటే వేగం కొంచెమే పోతుంది, వేడి చాలా పోతుంది.

ఎలా చేయాలి? ముందు కంపెనీ ఇచ్చిన టూల్‌లోనే వెతకండి. లెనోవో లీజియన్‌లో ఎఫ్ఎన్, క్యూ కలిపి నొక్కితే మోడ్ మారుతుంది. ఆసుస్‌కు ఆర్మరీ క్రేట్, ఏసర్‌కు నైట్రోసెన్స్, హెచ్‌పీకి ఒమెన్ గేమింగ్ హబ్ ఉన్నాయి. పెర్ఫార్మెన్స్ నుంచి బ్యాలెన్స్‌డ్‌కు మార్చడమే చాలామందికి చాలు. కస్టమ్ మోడ్ ఉంటే ప్రాసెసర్ వాట్లను 45, 55 దగ్గర పెట్టి మళ్లీ అరగంట ఆడండి. ఆ సదుపాయం లేని ఇంటెల్ మెషీన్లలో థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌తో అదే పని చేయొచ్చు, కంపెనీ తాళం వేయకపోతే.

ఇందులో ఒక కొసరు లాభం ఉంది. ఎన్విడియా డైనమిక్ బూస్ట్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ వాడుకోని వాట్లు గ్రాఫిక్స్ చిప్‌కు అందుతాయి. గ్రాఫిక్స్ భారం ఎక్కువున్న ఆటల్లో ప్రాసెసర్‌ను తగ్గించాక ఎఫ్‌పీఎస్ ఒకటి రెండు పెరిగినా ఆశ్చర్యపోకండి.

## దారి 4: అండర్‌వోల్టింగ్

వేగం తగ్గించకుండా వోల్టేజి ఒక్కటే తగ్గించడం. కుదిరితే దీన్ని మించింది లేదు: వేగం పోదు, రూపాయి ఖర్చు లేదు. కుదరడమే కష్టం. 2019 డిసెంబర్‌లో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక ఇంటెల్, ల్యాప్‌టాప్ కంపెనీలు బయాస్ (ఆన్ చేయగానే ముందు నడిచే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ల ద్వారా వోల్టేజి సర్దుబాటుకు చాలా మెషీన్లలో తాళం వేశాయి. ఇంటెల్ 8, 9 తరాల పాత ల్యాప్‌టాప్‌లు కొన్నింట్లో, కొన్ని హెచ్ఎక్స్ సిరీస్ ప్రాసెసర్లలో ఇప్పటికీ దారి ఉంది. ఏఎండీలో వోల్టేజి తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అనేది కొన్ని మోడళ్లలోనే పనిచేస్తుంది. విండోస్‌లో మెమరీ ఇంటిగ్రిటీ అనే భద్రతా సెట్టింగ్ ఆన్‌లో ఉన్నా కొన్ని టూల్స్ మొరాయిస్తాయి. ఆట కోసం ఆ రక్షణ తీసేయాలా వద్దా అన్నది మీ ఇష్టం. బ్యాంకు పనులు కూడా అదే ల్యాప్‌టాప్‌లో చేస్తుంటే నేనైతే తీయను.

దారి దొరికితే మైనస్ 50 మిల్లీవోల్టులతో మొదలుపెట్టి పదేసి చొప్పున దించండి. బ్లూ స్క్రీన్ వస్తే రీస్టార్ట్ చేసి 20 వెనక్కి రండి. మెషీన్ ఆన్ అయిన ప్రతిసారీ తనంతట తానే అమలయ్యేలా మాత్రం మొదటి వారం పెట్టొద్దు. ఆఫీసు పనికి అదే ల్యాప్‌టాప్ వాడేవాళ్లు ఇంకాస్త వెనక్కి ఉండటం మేలు. ఆటలో వచ్చే బ్లూ స్క్రీన్ వేరు, క్లయింట్ మీటింగ్‌లో వచ్చేది వేరు.

## దారి 5: లోపల క్లీనింగ్

ఏడాది దాటిన ల్యాప్‌టాప్‌కు ఇది తప్పనిసరి. బిల్డింగ్ పనులు జరిగే వీధిలో ఉంటే ఆరు నెలలకే అవసరం పడొచ్చు. అడుగు మూత తీసి పైపైన చూస్తే అంతా శుభ్రంగానే ఉన్నట్టు కనబడుతుంది. అసలు చెత్త ఫ్యాన్‌కూ రాగి ఫిన్లకూ మధ్య సందులో ఉంటుంది. ఫ్యాన్ మూత ఊడదీసి చూస్తే దుమ్ము, నూలుపోగులు, వెంట్రుకలు కలిసి బూడిద రంగు గుడ్డముక్కలా అల్లుకుని ఉంటాయి. పట్టకారతో ఒక అంచు పట్టి లాగితే మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. బయటి నుంచి బ్లోయర్ కొట్టిస్తే దీంట్లో కొంత చిరిగి, మిగతాది ఇంకా లోపలికి దూరి కూర్చుంటుంది. అందుకే దుకాణంలో మూత తీయకుండా రెండు నిమిషాలు గాలి కొట్టి ఇస్తే అది క్లీనింగ్ కాదు.

సొంతంగా చేస్తే పవర్ పూర్తిగా ఆపి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితోనో పుల్లతోనో తిరగకుండా పట్టుకోండి, లేకపోతే మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, స్టాటిక్ కరెంటు భయం ఉంది. స్క్రూలు ఒకే పొడవు ఉండవు. తీసిన వరుసలోనే కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసుకుని, ఆయా చోట్ల గుచ్చి పెట్టుకోండి.

వారంటీలో ఉంటే తెరవడానికి ముందు కంపెనీకి మెయిల్ పెట్టి అడగండి. ర్యామ్, ఎస్ఎస్‌డీ మార్చుకోవడానికి మూత తీస్తే చాలా కంపెనీలు అభ్యంతరం చెప్పవు, హీట్‌సింక్ ముట్టుకుంటే మాట మారుతుంది. ఫోన్లో చెప్పింది లెక్కలోకి రాదు, రాతలో తీసుకోండి.

## దారి 6: పేస్ట్ మార్చడం

పరీక్షలో మొదటి రెండు లక్షణాలు కనబడి, వారంటీ అయిపోయి, ల్యాప్‌టాప్‌కు రెండు మూడేళ్లు నిండి ఉంటే ఇదే మీ దారి. ఇక్కడ డెస్క్‌టాప్ అనుభవం పనికిరాదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు పైన లోహపు మూత ఉండదు, చిప్ నేరుగా హీట్‌సింక్‌కు తగులుతుంది. వేడెక్కి చల్లబడే ప్రతిసారీ పల్చటి పేస్ట్ కొంచెం కొంచెంగా అంచులకు జరిగిపోతుంది. కొత్తగా వేయించిన పేస్ట్ రెండు నెలలు అదరగొట్టి, తర్వాత మళ్లీ మామూలైపోయిందని కొందరు వాపోయేది ఇందుకే. చిక్కటి పేస్ట్ అడగండి.

ఇంకా మంచిది హనీవెల్ పీటీఎం7950 లాంటి ఫేజ్ ఛేంజ్ షీట్. పల్చటి రేకులా ఉంటుంది, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి చిప్ మీద పరుచుకుంటుంది, పేస్ట్‌లా అంచులకు పారిపోదు. లీజియన్ మోడళ్లలో కొన్నింటికి కంపెనీయే దీన్ని వేసి ఇస్తోంది. ధర పేస్ట్ కంటే ఎక్కువ, నకిలీలు కూడా తిరుగుతున్నాయి. పూర్తి ఫలితం మొదటి రోజే రాదు, కొన్నిసార్లు వేడెక్కి చల్లబడ్డాక కుదురుకుంటుంది. ల్యాప్‌టాప్‌ను ఏళ్ల తరబడి ఉంచుకోవాలనుకునేవాళ్లకు నా ఓటు దీనికే.

లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం వెళ్లొద్దు. వేడిని బ్రహ్మాండంగా లాగుతుంది, నిజమే. కానీ అది కరెంటు పారే ద్రవం, ఒక బొట్టు పక్కకు జారితే మదర్‌బోర్డ్ పోతుంది. అందులోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. మీ ల్యాప్‌టాప్‌లో అది ముందే ఉండొచ్చన్నది మర్చిపోవద్దు. ఆసుస్ 2019 నుంచి తన రోగ్ మోడళ్లలో కొన్నింటికి లిక్విడ్ మెటల్ వేసి అమ్ముతోంది. అలాంటిది మామూలు దుకాణానికి ఇస్తే, అతనికి తెలియక గుడ్డతో తుడిచేస్తే ఇక చెప్పేదేముంది?

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీ లాంటి చోట చేయించేవాళ్లు నాలుగు ప్రశ్నలు అడగండి. హీట్‌సింక్ పైకి తీస్తారా, ఊరికే గాలి కొడతారా? ఏ పేస్ట్, ట్యూబ్ నా ఎదుటే తెరుస్తారా? ఇది లిక్విడ్ మెటల్ మోడలో కాదో చూశారా? చుట్టూ ఉన్న థర్మల్ ప్యాడ్లు (పక్క చిప్‌ల వేడిని హీట్‌సింక్‌కు అందించే మెత్తటి ముక్కలు) అవే ఉంచుతారా, మారుస్తారా? ఈ నాలుగోది చిన్న విషయంలా ఉంటుంది గానీ కొంప ముంచేది ఇదే. ఒక మిల్లీమీటర్ ప్యాడ్ ఉన్నచోట ఒకటిన్నర పెడితే హీట్‌సింక్ ఆ కాస్త పైకి లేచి, ప్రాసెసర్‌కు సరిగా ఆనదు. పని చేయించాక వేడి పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

## దారి 7: కూలింగ్ ప్యాడ్

రెండు రకాలున్నాయి. రంగురంగుల లైట్లు, నాలుగైదు చిన్న ఫ్యాన్లు ఉండి యూఎస్‌బీతో నడిచేవి మొదటి రకం. ఇవి చేసే మేలులో పెద్ద వాటా ల్యాప్‌టాప్‌ను ఎత్తులో పెట్టడమే, ఆ పని స్టాండూ చేస్తుంది. రెండో రకంలో చుట్టూ స్పాంజ్ అంచు ఉంటుంది, విడిగా అడాప్టర్‌తో పెద్ద బ్లోయర్ నడుస్తుంది, గాలి పక్కలకు పోకుండా నేరుగా అడుగు రంధ్రాల్లోకి వెళ్తుంది. తేడా నిజంగా కనబడేది వీటితోనే. మూల్యం కూడా అలాగే ఉంటుంది: ధర కొన్ని వేలు, పూర్తి వేగంలో హోరు హెడ్‌ఫోన్ లేకుండా భరించలేం, టేబుల్ మీద సగం చోటు పోతుంది. దుమ్ము జాలీ ఉన్నది చూసి కొనండి, లేకపోతే ఏడాది దుమ్మును నెలలో లోపలికి కొడుతుంది. మీ ల్యాప్‌టాప్ గాలి తీసుకునేది అడుగు నుంచేనా అన్నదీ చూసుకోండి.

## ఒకచోట చూస్తే

| దారి | బాగుచేసేది | ఖర్చు | ఫలితం | ఇబ్బంది |
|---|---|---|---|---|
| ఎత్తు పెట్టడం | గాలి దారి | దాదాపు లేదు | కొద్దిగా | ఏమీ లేదు |
| ఎఫ్‌పీఎస్ పగ్గం | పుట్టే వేడి | లేదు | తేలిక ఆటల్లో బాగా | పోటీ ఆటగాళ్లకు నచ్చదు |
| టర్బో ఆపడం | పుట్టే వేడి | లేదు | చాలా ఎక్కువ | బేస్ వేగం తక్కువైతే ఎఫ్‌పీఎస్ పడుతుంది |
| వాట్లు తగ్గించడం | పుట్టే వేడి | లేదు | బాగా | సరైన అంకె కోసం కాస్త ఓపిక |
| అండర్‌వోల్టింగ్ | పుట్టే వేడి | లేదు | ఓ మోస్తరు | చాలా మోడళ్లలో తాళం, బ్లూ స్క్రీన్లు |
| క్లీనింగ్ | గాలి దారి | వందల్లో | దుమ్మును బట్టి | మూత తెరవాలి |
| పేస్ట్, షీట్ | చిప్ నుంచి హీట్‌సింక్‌కు | వందల నుంచి వేలల్లోకి | పాత మెషీన్లలో బాగా | వారంటీ, చేసేవాడి చెయ్యి |
| స్పాంజ్ అంచు ప్యాడ్ | గాలి దారి | వేలల్లో | బాగా | హోరు, చోటు |

## మీరు ఎవరు?

హాస్టల్లో ఉండే విద్యార్థి, వారంటీలో ఉన్న ల్యాప్‌టాప్. మూత తెరవొద్దు. ఎత్తు పెట్టండి, బ్యాలెన్స్‌డ్ మోడ్, ఎఫ్‌పీఎస్ పగ్గం. పక్క మంచం వాడి నిద్ర కూడా దక్కుతుంది. ఏమీ చేయకుండానే మొదటి నెలలోనే వేగం కుప్పకూలుతుంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్లడం మీ హక్కు, సొంత వైద్యం చేసి దాన్ని పోగొట్టుకోకండి.

మూడేళ్ల పాత మెషీన్, వారంటీ లేదు. క్లీనింగ్, పేస్ట్ ఒకేసారి చేయించండి. ఫిన్లు సరిగా శుభ్రం చేయడానికి చాలా మోడళ్లలో హీట్‌సింక్ ఎలాగూ తీయాలి, రెండుసార్లు ఎందుకు విప్పడం? దాని తర్వాత కూడా వాట్లు తగ్గించుకుంటే ఇంకా మంచిది.

పోటీగా ఆడేవాళ్లు. టర్బో ఆపొద్దు. అండర్‌వోల్టింగ్ కుదిరితే అది, లేకపోతే వాట్ల పరిమితి. హెడ్‌ఫోన్ ఎలాగూ పెట్టుకుంటారు కాబట్టి స్పాంజ్ అంచు ప్యాడ్ హోరు మిమ్మల్ని బాధించదు. డబ్బు పెట్టి ఏదైనా కొనాలంటే మీకు మాత్రం అదే.

వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రాజెక్టుల కంపైలింగ్. అన్ని కోర్లూ గంటల తరబడి పనిచేస్తాయి. మొదటి నిమిషం వేగం మీకు పనికిరాదు, నలభయ్యో నిమిషం వేగమే అసలుది. రెండు మూడు వాట్ల పరిమితులు పెట్టి ఒకే ఫైలును రెండర్ చేసి సమయం చూడండి. 80 నుంచి 60కి దించినా రెండర్ సమయం అంతగా పెరగకపోవచ్చు, ఎందుకంటే వేడికి థ్రాటిల్ అయి అది ఎలాగూ అక్కడికే దిగుతోంది.

ఏసీ లేని ఇల్లు, ఎండాకాలం మాత్రమే సమస్య. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేరే పవర్ ప్రొఫైల్ పెట్టుకోండి, వానలు పడ్డాక మార్చేయండి. మూడు నెలల కోసం లోపలంతా విప్పించే పనిలేదు.

## ఇంత చేసినా తగ్గకపోతే

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ఫ్యాన్ల వేగం చూడండి. అన్ని మోడళ్లలో కనబడదు, కనబడితే రెండింట్లో ఒకటి సున్నా చూపిస్తోందేమో గమనించండి. గరగర శబ్దం వచ్చినా ఫ్యాన్ పోయినట్టే, అది మార్చడం పెద్ద ఖర్చు కాదు. కొత్త పేస్ట్ వేశాక కూడా సెకన్లలోనే 97కి ఎగిరి, ఫిన్లు మాత్రం చల్లగానే ఉంటే హీట్‌పైపే పాడై ఉండొచ్చు. మొత్తం హీట్‌సింక్ మార్చాలి.

వారంటీలో ఉంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్లే ముందు గది వేడి, ఆట పేరు రాసుకుని, వాట్లు, వేగం కనబడేలా హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అరగంట లాగ్ ఫైలు (అంకెల రికార్డు) తీసి పెట్టుకోండి. బయాస్ అప్‌డేట్ చేశారా, విండోస్ రీసెట్ చేశారా అని ముందు అదే అడుగుతారు. ఆ రెండూ ముందే చేసి, చేశామని మెయిల్‌లో రాస్తే ఒక తిరుగుడు తగ్గుతుంది. వారంటీ లేకపోతే హీట్‌సింక్, కూలీ కలిపి ఎంతవుతుందో కనుక్కుని, ఆ ల్యాప్‌టాప్‌ను ఉన్నదున్నట్టు అమ్మితే ఎంతొస్తుందో కూడా అడగండి. మొదటి అంకె రెండోదాంట్లో నాలుగో వంతు దాటితే నేనైతే బాగుచేయించను. వాట్లు 35కి దించి, చదువుకో సినిమాలకో ఇంట్లో ఉంచుకుంటాను.